వేసవిలో కాసిన బఠాణీ

ఆ మేడ మూడో అంతస్తులో జనం చెంబు చప్పుడుకి నిద్ర లేస్తారు. వరండా చివర బఠాణీలావిడ తన బకెట్‌కి నీళ్లు పోస్తోందంటే ఆరు కొట్టిందన్నమాట. ఇళ్లలో గడియారాలు లేక కాదు. గడియారం మోగితే దాని నెత్తిన ఒకటి మొట్టి మళ్లీ ముసుగు తన్నొచ్చు. ఆవిడ చెంబుని అలా మొట్టడం కుదరదు.

నీళ్లు పోయడానికి ఆవిడకో పద్ధతుంది. ఆకుల మీద చుక్క పడనివ్వదు. చెంబు వంచి, ఎడమచెయ్యి అడ్డం పెట్టి, ఆ చేతి మీంచి జారిన నీళ్లు మొక్కల మొదట్లో పడేలా పోస్తుంది. తర్వాత వంగి పూత చూస్తుంది. పొట్టి రకం బఠాణీ అది, మోకాలెత్తు దాటదు. పందిరి అక్కర్లేదు. నాలుగు ఎండుపుల్లలు గుచ్చితే వాటినే నులితీగలతో పట్టుకుని నిలబడుతుంది. పెయింటు అయిపోయిన పెద్ద బకెట్ ఒకటి, అడుగున కాల్చిన మేకుతో పెట్టిన ఆరు చిల్లులు, కింద రెండు ఇటుకలు. ఆవిడ పొలమంతా ఇంతే.

పంట మాత్రం నడివేసవిలో. బఠాణీకి చలి కావాలి. ఎండ ముదిరితే పూత నిలవదు, కాయ పట్టదు, పండిన ఆకులు చేతికే ఊడివస్తాయి. ఊళ్లో తారు కరిగి చెప్పులకి అంటుకునే రోజుల్లో ఈవిడ బకెట్ మాత్రం బయటంతా చెమ్మ పట్టి, లోపల తెల్లపూలతో నిండుగా ఉంటుంది. పిల్లలు ఎండలో ఆడి వస్తూ దానికి బుగ్గలు ఆనించి వెళ్తారు. అందులో మట్టి నింపింది ఆవిడ భర్త. ఆయన కోల్డ్ స్టోరేజిలో పని చేస్తాడు.

అక్కడ కుండీలన్నీ అంతే. ఎవరు మట్టి నింపితే ఆ మనిషికి తగిలే గాలి, ఎండ, చలి ఆ కుండీకీ తగులుతాయి. బస్సు డ్రైవరు డబ్బాలో ఎప్పుడూ దుమ్ము, ఎదురుగాలి. అందులో బంతిమొక్క వెనక్కి వాలిపోయి, ఎవరో జుట్టు పట్టి లాగుతున్నట్టు పెరుగుతుంది. ఇస్త్రీ చేసే ఆయన కుండీలోంచి ఆవిరి వస్తుంది, మిరప తప్ప మరేదీ బతకదు. రికార్డుల గదిలో పనిచేసే గుమాస్తా నాలుగేళ్ల కిందట నాటిన మొక్క ఈ నాలుగేళ్లలో ఒకే ఒక్క ఆకు వేసింది. ఆయన ఆ ఆకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తాడు. రెండో అంతస్తు అక్కాచెల్లెళ్లిద్దరూ బడి ఎగ్గొట్టి వానలో తిరిగితే ఇంట్లో వాళ్ల కుండీ తడిసి ముద్దవుతుంది. తల్లి తలుపు దగ్గర తువ్వాలు ఒక చేత్తో, బెత్తం ఒక చేత్తో పట్టుకుని కూర్చుంటుంది. ఇందులో వింతేముందని ఎవరూ అనుకోరు.

బఠాణీలావిడకి ఆ పేరు రాకముందు మూడేళ్ల కిందటి సంగతి. ఏడో నెలలో కడుపు పోయింది. ఆడపిల్ల. ఆసుపత్రి నుంచి వచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. వారమైంది, నెలైంది, అయిదు నెలలైంది. లేపితే లేచి రెండు ముద్దలు తిని మళ్లీ గోడవైపు తిరిగేది. మొదట్లో పలకరించడానికి వచ్చిన ఇరుగుపొరుగు రావడం మానేశారు. వాళ్లని అని లాభం లేదు, వీపుతో ఎంతసేపని మాట్లాడతారు? పక్కవాటా నర్సమ్మగారు మాత్రం వచ్చేది. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి. వచ్చి ఏమీ మాట్లాడకుండా జడ వేసి వెళ్లేది.

భర్త ఓదార్పు మాటలు చేతకానివాడు. ఒకరోజు కోల్డ్ స్టోరేజిలో చిరిగిన విత్తనాల బస్తా కింద రాలినవి గుప్పెడు జేబులో వేసుకొచ్చాడు. నానబెట్టాడు. ఎక్కడో పారేసిన పెయింటు బకెట్ తెచ్చి, కడిగి, మట్టి మోసుకొచ్చి నింపి, రెండు వేళ్ల ఎడంతో తొమ్మిది గింజలు నాటాడు. తర్వాత గుమ్మంలో నిలబడి ఆవిడ వీపుతో అన్నాడు.

"పొద్దున నాకు కుదరదు, ఆరుంబావు బస్సు. నీళ్లు పోయకపోతే చస్తాయి. నీ ఇష్టం."

నాలుగు రోజులు ఆవిడ కదల్లేదు. అయిదో రోజు లేచింది. తొమ్మిదింట్లో ఏడు మొలిచి ఉన్నాయి.

అప్పట్నుంచి ఆవిడ బతుకంతా ఆ బకెట్ చుట్టూనే. ఒక కాపు అయిపోతే దాచిన గింజలు ఏడు మళ్లీ ఆ మట్టిలోనే నాటేది. చలికాలంలో ఎవరి బఠాణీ అయినా కాస్తుంది. వేసవిలో ఈవిడది తప్ప మరెక్కడా కాయదు. ఒకప్పుడు ఎవరూ తొక్కని గుమ్మం ముందు ఇప్పుడు జనం గిన్నెలు పట్టుకుని నిలబడేవాళ్లు. ఇంటికి గుప్పెడు. నోరు చేదుగా ఉందన్న ముసలావిడకి ఒక గుప్పెడు ఎక్కువ. ఆవిడ కాయ వొలిచి పిల్లల నోట్లో పచ్చిగింజలు పోసేది. నవ్వేది కూడా. ఆ నవ్వు కోసమే కొంతమంది అక్కర్లేకపోయినా వచ్చి గిన్నె చాపేవాళ్లు.

ఇక చెప్పుకోడానికి బాగుండని సంగతి ఒకటుంది, అదీ చెప్పాలి. ఆదివారం భర్త ఇంట్లో ఉంటే సోమవారానికి పూత వాడేది. రెండో వేసవిలో ఆయనకి జ్వరం వచ్చి మూడు రోజులు మంచం దిగలేదు. బకెట్ వెచ్చబడింది. సగం పూత రాలి మట్టి మీద తెల్లగా పడింది. నాలుగో రోజు పొద్దున ఆవిడ స్వెట్టరు, చెవులటోపీ చేత్తో పట్టుకుని మంచం పక్కన నిలబడింది.

"లేవగలరా?" అంది.

ఆయన ఆవిడ మొహం చూశాడు. స్వెట్టరు చూశాడు. "లేవలేకేం," అన్నాడు. దగ్గుకుంటూ మెట్లు దిగాడు. సాయంత్రానికి బకెట్ చల్లబడింది. మిగిలిన పూత నిలిచింది. ఆవిడ సంతోషించింది. సంతోషించినందుకు ఆ రాత్రి అన్నం సయించలేదు, అయినా మర్నాడు మళ్లీ స్వెట్టరు పట్టుకునే నిలబడింది. ఆవిడ చెడ్డదని నేననను. అటు తిరిగి పడుకున్న గోడ ఆవిడకి ఇంకా రెండు అడుగుల దూరంలోనే ఉంది, అంతే.

ఆయన మనిషి మాత్రం తగ్గుతూ వచ్చాడు. కోల్డ్ స్టోరేజిలో రెండు గదులుంటాయి. ముందుగది కూరగాయలకి, పళ్లకి. అక్కడ చలి స్వెట్టరుతో ఆగుతుంది. ఆయన పని అక్కడే. లోపలిగది చేపలకి, మాంసానికి. అందులో నీళ్లు రాయవుతాయి, అక్కడికి వెళ్లాలంటే వేరే కోటు, వేరే గ్లౌజులు. ముందుగది చలే ఆయన మోకాళ్లు పట్టేసింది. పొద్దున వేళ్లు తెల్లగా పాలిపోయి, టీగ్లాసు రెండు చేతులా పట్టుకునేవాడు. పనివాళ్లు ఆయన్ని మంచుబాబాయ్ అనేవాళ్లు. వయసు నలభై రెండు.

"ఆ మనిషిని ఒకసారి డాక్టరుకి చూపించవే అమ్మాయ్," అంది నర్సమ్మగారు.

"ఈ కాపు అయిపోనివ్వండి పిన్నిగారూ," అంది ఆవిడ. ఎప్పుడు అడిగినా ఏదో ఒక కాపు నడుస్తూనే ఉండేది.

మూడో వేసవి. ఆ రోజు పన్నెండున్నరకి ఆవిడ కాయలు కోయడానికి గిన్నె పట్టుకుని వరండాలోకి వెళ్లి, అక్కడే ఆగిపోయింది. ఆకుల మీద తెల్లగా, సన్నటి పొడి చల్లినట్టు. కొసల్లో ఎక్కువగా.

బఠాణీ పెంచేవాళ్లకి ఆ తెలుపంటే హడల్. బూడిద తెగులు. ఒక ఆకుకి పట్టిందంటే వారంలో మొక్కంతా తినేస్తుంది, మొక్క వెనక మొక్క. దానికి వైద్యం ఆవిడకి కంఠతా వచ్చు. పాలల్లో నీళ్లు కలిపి గుడ్డతో తుడవాలి. బాగా పట్టిన ఆకులు కత్తిరించేయాలి. నీడలోంచి తీసి ఎండ తగిలేచోట పెట్టాలి.

ఆవిడ లోపలికి పరిగెత్తి పాలు గోరువెచ్చగా కాచి నీళ్లు కలిపింది. రబ్బరు గ్లౌజులు వేసుకుంది, తెగులు చేతుల ద్వారా అంటకుండా. కత్తెర తెచ్చింది. ఆ హడావుడికి నర్సమ్మగారు తలుపు తీసుకుని వచ్చింది.

"ఏమయిందే?"

"తెగులు పట్టింది పిన్నిగారూ. నా ఖర్మ. రేపో మాపో కోద్దామనుకున్న కాయలు."

నర్సమ్మగారు కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. "మంచు కురిసినట్టుందేమిటే?"

"మీకు తెలీదు పిన్నిగారూ. ఇది బూడిద తెగులు. చూట్టానికి ఇలాగే ఉంటుంది."

తెలిసినవాళ్లు చెప్పాక తెలియనివాళ్లు ఏమంటారు? నర్సమ్మగారు పాలగిన్నె పట్టుకుని పక్కన నిలబడింది. ఆవిడ ఒక్కో ఆకునీ కింద అరచెయ్యి పెట్టి, పైన గుడ్డతో తుడిచింది. ముప్పావుగంట తుడిచింది. ఒకచోట మూడు ఆకుల కొసలు మరీ పాడయ్యాయి, తుడిస్తే నల్లబడ్డాయి. కత్తెరతో ఆ మూడు కొసలూ కత్తిరించింది. ఆ తర్వాత ఇద్దరూ చెరోవైపు పట్టుకుని బకెట్‌ని పిట్టగోడ పక్కకి, ఎండలోకి జరిపారు. మామూలు కన్నా చల్లగా ఉందని నర్సమ్మగారు చేతులు ఊదుకుంది. ఆవిడ పట్టించుకోలేదు. ఆ బకెట్ చల్లగా ఉండటం ఆవిడకి కొత్తా?

గ్లౌజులు విప్పి నడుం నిటారు చేసుకుని ఒక్కసారి తృప్తిగా చూసుకుంది. అప్పుడు, చూస్తుండగానే, తుడిచిన ఆకు మీద మళ్లీ తెలుపు పొడిచింది. ఒకదాని మీద, పక్కదాని మీద, దాని కిందదాని మీద. తెగులు పాకడానికి రోజులు పడుతుంది. ఇది పాకుతుంటే కంటికి కనపడుతోంది.

ఆవిడ ఉత్తి చేత్తో మట్టి ముట్టుకుంది. వేలు దిగలేదు. గోరు గీసినా గీత పడలేదు. బండరాయిలా గడ్డకట్టింది.

"లోపలిగది," అంది ఆవిడ. "పిన్నిగారూ, ఆయన లోపలిగదిలో ఉన్నారు. గంట పైనుంచీ ఉన్నారు."

నర్సమ్మగారు ఏమిటి, ఎలా అని అడగలేదు. ఫోను తీసింది. "నంబరు చెప్పు." మోగి మోగి ఆగిపోయింది. భోజనాల వేళ. మళ్లీ కొట్టింది. మళ్లీ ఆగిపోయింది. ఈలోగా బఠాణీలావిడ వంటింట్లోకి పరిగెత్తి పొయ్యి మీద నీళ్లు పెట్టింది.

"మరిగించకే!" ఫోను చెవి దగ్గర పెట్టుకునే అరిచింది నర్సమ్మగారు. "గోరువెచ్చగా చాలు. గడ్డకట్టిన ఒంటికి మరిగినవి పోస్తే ఉన్నది కూడా ఊడుతుంది."

ఆవిడ గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెంగా పోసింది. మంచం మీద దుప్పటి లాక్కొచ్చి బకెట్ చుట్టూ చుట్టింది. తనూ ఎండలో కూర్చుని రెండు చేతులా వాటేసుకుంది. ఒళ్లు వణికిపోతోంది, వీపు కాలిపోతోంది. మూడేళ్లుగా ఎప్పుడూ అనుకోని మాట అప్పుడనుకుంది, ఈ మొక్కలు చస్తే చావనీ అని.

నాలుగోసారికి గేటు దగ్గర ఎవరో ఫోనెత్తారు. "మంచుబాబాయా? భోంచేయడానికి వెళ్లుంటాడండీ," అన్నాడు అవతలివాడు నములుతూ.

"వెళ్లలేదు. లోపలిగది తలుపు తియ్యి," అంది నర్సమ్మగారు.

"అక్కడ ఆయనకి పనేం లేదండీ..."

"బాబూ, నేను ముప్పై ఏళ్లు చావుబతుకుల మధ్య ఉద్యోగం చేశాను. నీతో వాదించే ఓపిక లేదు. చెయ్యి కడుక్కోకుండా వెళ్లి తలుపు తియ్యి!"

ఆ చివరి మాట కిందింట్లో బస్సు డ్రైవరు భార్యకి కూడా వినపడిందట. తలుపు తీశారు. ఆయన చేపల పెట్టెల మధ్య మోకాళ్ల మీద పడి ఉన్నాడు. ఊపిరుంది.

జరిగింది తర్వాత తెలిసింది. పదకొండున్నరకి లోపలిగది మనిషి రాలేదని, ఒక్క పెట్టె తెచ్చిపెట్టమంటే ఆయన వెళ్లాడు. వెనక తలుపు పడింది. లోపల్నుంచి తెరిచే పిడి మంచుపట్టి బిగుసుకుపోయింది. నెలనుంచీ అది బిగుస్తోందని అందరికీ తెలుసు. గంట మోగించే బొత్తాం పని చేయదనీ తెలుసు. కుడిచేతి గ్లౌజు విప్పేసి పిడితో కుస్తీ పట్టాడు. వేళ్లు ఇనుముకి అంటుకుపోయాయి.

డాక్టరు కుడిచేతి మూడు వేళ్లకి పై కణుపులు తీసేశాడు. అన్నేసి గంటలు అంత చలిలో ఉన్నవాడు బతకడమే ఎక్కువన్నాడు.

"మధ్యలో ఒకసారి వీపు మీద ఎండ తగిలింది," అన్నాడు ఆయన, మాట్లాడే ఓపిక వచ్చాక. "పాలవాసన కూడా వచ్చింది. ఇంక పోతున్నానేమో అనుకున్నా. పోవడం ఇంత సుఖంగా ఉంటుందా అనిపించింది."

ఆవిడ ఆ కట్టు వైపు చూడలేకపోయింది. మూడు వేళ్ల కొసలు. మూడు ఆకుల కొసలు. ఆసుపత్రి వరండాలోకి వచ్చి నర్సమ్మగారి చెయ్యి పట్టుకుంది.

"నేనే కత్తిరించాను పిన్నిగారూ."

"పిచ్చిదానా. ఆ వేళ్లు ఇనుముకి అతుక్కున్నప్పుడే పోయాయి. నా సర్వీసులో ఎన్ని చూడలేదూ."

"అవునా? ఒట్టు?"

నర్సమ్మగారు ఒట్టు పెట్టలేదు. ఆవిడ తల నిమిరి, "టీ తాగుదాం పద," అంది. ఆ ప్రశ్నకి జవాబు బఠాణీలావిడకి ఈనాటికీ తెలియదు.

మర్నాడు కోల్డ్ స్టోరేజి సూపర్‌వైజరు వచ్చాడు. చేతిలో పళ్ల సంచి, మొహంలో తప్పు చేసినవాడి కళ. మంచం దగ్గర రెండు నిమిషాలు కూర్చుని, ఉండలేక బయటికి వచ్చి, ఆవిడ పక్కన బల్ల చివర కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, ఒకటి చెప్పాలి. ఇదిప్పుడు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. వీణ్ణి ఆ చలిలోంచి బయటికి లాగుదామని నేను నిరుడే చూశాను. గేటు దగ్గర కుర్చీ ఖాళీ అయింది. వచ్చిపోయే లారీల నంబర్లు రాసుకోవడమే పని. నువ్వు కూర్చోరా అన్నాను. వద్దన్నాడు."

"వద్దన్నారా?"

"అక్కడ ఎండ సార్ అన్నాడు. ఎండైతే ఏం, ఫ్యానుందిగా అన్నాను. నాక్కాదు సార్, మా ఆవిడ పూత రాలిపోతుంది అన్నాడు." సూపర్‌వైజరు చేతిలో సంచిని అటూ ఇటూ మార్చుకున్నాడు. "మా ఇంట్లోనూ కుండీలున్నాయి. అర్థమైంది. ఇంక బలవంతం చేయలేదు. చెయ్యాల్సింది."

జ్వరంతో ఉన్న మనిషికి స్వెట్టరు అందించిన పొద్దున ఆయన తన మొహం వైపు ఎందుకు అలా చూశాడో ఆవిడకి అప్పుడు తెలిసింది. తనేదో దాచిపెట్టి పాపం చేస్తున్నానని ఏడాదిగా కుమిలింది. ఆయన ఆ పాపాన్ని మొదటిరోజే చూసి, ఒప్పుకుని, రోజూ టిఫిన్ డబ్బాతో పాటు మోసుకెళ్లాడు. ఆవిడకి భర్త మీద కోపం వచ్చింది, ముంచుకొచ్చే ప్రేమ కూడా వచ్చింది, రెండూ ఒకే ఏడుపుగా బయటపడ్డాయి. సూపర్‌వైజరు తనూ కళ్లు తుడుచుకుని, "కుర్చీ ఇంకా ఉంది. ఎడంచేత్తో రాయడం నేర్చుకుంటాడు. లారీ నంబర్లేగా," అన్నాడు.

పది రోజుల తర్వాత ఆయన్ని ఇంటికి తీసుకొచ్చారు. మూడు వారాలు ఇంట్లోనే ఉండాలన్నారు. నడివేసవి. పైకప్పు రేకుల వేడి ఇంట్లోకి దిగుతోంది. ఆ గడ్డకట్టడం తట్టుకుని కొన ఊపిరితో మళ్లీ చిగిర్చిన మొక్కలు, చివరి పూత ఒకటి పూసి ఉన్నాయి. ఆయన ఇల్లు చేరిన మూడోనాడు మొదటి పువ్వు రాలింది. అయిదోనాటికి రోజుకి పది. ఆవిడ పొద్దునే నీళ్లు పోస్తూ రాలినవి ఏరి పారేసేది. లెక్కపెట్టడం మానేసింది. భర్త మంచం మీంచి కిటికీలోంచి ఆవిడ వీపునే చూసేవాడు. ఆవిడ కొంచెం ఆలస్యంగా లేస్తే చాలు, మోచేతి మీద లేచి కూర్చునేవాడు. ఆయన భయమేమిటో ఆవిడకి తెలుసు. ఆవిడకీ అదే భయం.

ఒక మధ్యాహ్నం ఆవిడ నర్సమ్మగారింటికి వెళ్లి, వచ్చి చూసేసరికి మంచం మీద మనిషి లేడు. వంటింట్లోంచి ఫ్రిజ్ రొద వినిపిస్తోంది. వెళ్లి చూసింది. ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి ఉంది. గిన్నెలూ సీసాలూ తీసి నేల మీద వరసగా పెట్టి ఉన్నాయి. ఆయన ముక్కాలిపీట మీద, చొక్కా లేకుండా, తలా భుజాలూ లోపలికి దూర్చి కూర్చుని ఉన్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. పళ్లు టకటకలాడుతున్నాయి.

"ఏం చేస్తున్నారు?" అంది ఆవిడ.

ఆయన తల బయటికి తీయలేదు. "పొద్దున పన్నెండు పూలు రాలాయి. కిటికీలోంచి చూశా. రోజుకో రెండు గంటలు ఇలా కూచుంటే ఆ నాలుగు కాయలూ నిలుస్తాయేమోనని."

"లేవండి."

"నీకేం ఇబ్బంది లేదు, గిన్నెలన్నీ మళ్లీ సర్దేస్తాను..."

"లేవండి అంటున్నాను!"

చెయ్యి పట్టి లేపింది. ఫ్రిజ్ తలుపు వేసింది. కొయ్యనున్న తువ్వాలు తీసి భుజాలు తుడిచింది. తుడుస్తూనే అంది. "జ్వరం ఒంటి మీదుండగా నేను స్వెట్టరు తెచ్చి ఇచ్చాను మీకు. పూత కోసం. తెలిసే చేశాను."

"తెలుసు."

"తెలిసి ఎలా వెళ్లారు?"

"నువ్వు తేకపోతే నేనే అడుగుదును," అన్నాడు. నేల మీది గిన్నెల వైపు చూస్తూ అన్నాడు. "ఆ అయిదు నెలలూ నేను నీ వీపుతో మాట్లాడాను. నీకు వినపడిందో లేదో తెలీదు. చలి అంతకన్నా నయం."

ఆవిడ తువ్వాలు ఆయన భుజాల మీద వదిలేసి వరండాలోకి నడిచింది. ఎండ నడినెత్తిన ఉంది. బకెట్ ముందు కూర్చుని మొదటి మొక్కని మొదట్లో పట్టుకుని పైకి లాగింది. నులితీగలు పుల్లల్ని వదల్లేదు. ఒక్కొక్క తీగనే విప్పాల్సి వచ్చింది. ఏడు మొక్కలూ పీకేసరికి అరగంట పట్టింది. ఇంకా నాలుగు కాయలున్నాయి, సగం గింజకట్టినవి. వాటినీ మొక్కలతోనే వదిలేసింది. గుమ్మంలో ఆయన తువ్వాలు కప్పుకుని నిలబడి అంతా చూశాడు. పక్కవాటా తలుపు తెరుచుకుని, నర్సమ్మగారు ఒకసారి చూసి, చప్పుడు కాకుండా మూసుకుంది.

పీకడం అయ్యాక ఆవిడ మట్టిచేతులతో అలాగే కూర్చుని ఏడ్చింది. పాప పోయినప్పుడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. మేడంతా వింది. ఎవరూ బయటికి రాలేదు. అదే వాళ్లు చేయగలిగిన మర్యాద.

ఆయన వచ్చి పక్కన కూలబడ్డాడు. అడగలేక అడగలేక అడిగాడు.

"రేపు పొద్దున లేస్తావా?"

"తెలీదు," అంది ఆవిడ. అబద్ధం చెప్పడానికి ఇంక ఓపిక లేదు.

మర్నాడు ఆరైంది. చెంబు చప్పుడు కాలేదు. మూడో అంతస్తులో ఒక్కొక్కరే మెలకువ వచ్చి, ఏదో తక్కువైనట్టుందే అనుకుంటూ కప్పు వైపు చూస్తూ పడుకున్నారు. బఠాణీలావిడ కళ్లు తెరిచే ఉంది. గోడవైపు తిరిగి ఉంది. గోడ వెనకటిలాగే ఉంది. అక్కడే ఉండిపోవాలనిపించింది. అనిపించలేదంటే అబద్ధం. ఏడైంది, ఎనిమిదైంది. ఆయన టీ పెట్టుకోవడానికి ఎడంచేత్తో తంటాలు పడుతున్న చప్పుళ్లు వినపడ్డాయి. గ్లాసు పడింది. ఆవిడ లేవలేదు. ఆ రోజంతా లేవలేదు. తర్వాతి రోజూ లేవలేదు.

అలా రెండు వారాలు. నర్సమ్మగారు వచ్చి జడ వేసి వెళ్లేది. ఆయన వంట చేశాడు, మాడ్చాడు, నోట్లో పెట్టాడు. ఒక్కసారి కూడా ఎప్పుడు లేస్తావని అడగలేదు.

మూడు వారాలు నిండాయి. గేటు దగ్గర కుర్చీలో కూర్చోవాల్సిన రోజు. ఆయన పొద్దున్నే స్నానం చేసి, ఆవిడ నిద్రలో ఉందనుకుని, చప్పుడు కాకుండా చొక్కా తొడుక్కున్నాడు. ఆవిడ గోడవైపు తిరిగి వింటోంది. వెనకనుంచి గుడ్డ రాసుకుంటున్న చప్పుడు. ఆగింది. మళ్లీ. మళ్లీ ఆగింది. ఒక నిట్టూర్పు. మళ్లీ అదే గుడ్డ చప్పుడు, ఈసారి తొందర తొందరగా. ఆరుంబావు బస్సు హారన్ మలుపులో వినపడింది.

ఆవిడ ఇటు తిరిగింది. ఆయన గది మధ్యలో నిలబడి, గడ్డం ఛాతీకి ఆనించి, పై కణుపులు లేని వేళ్లతో మొదటి గుండీని చిల్లులోకి తోయాలని చూస్తున్నాడు. నుదుటి మీద చెమట. గుండీ జారిపోతోంది.

ఆవిడ మంచం దిగింది. వెళ్లి ఆయన చేతులు పక్కకి తప్పించింది.

"బస్సు పోతుంది," అన్నాడు ఆయన.

"తర్వాతది ఎక్కుదురుగాని. కదలకండి," అని, ఆవిడ మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ కిందికి వచ్చింది.